పాలకూరకు పెట్టిన నీళ్లు

"ఈ ఎండల్లో పాలకూర ఇంత పచ్చగా ఎలా వచ్చింది?" అని రిటైర్డ్ హెడ్మాస్టరు అడిగితే, కూరలామె ఉన్నమాట చెప్పింది. శుద్ధి చేసిన మురుగునీరు పెడుతున్నానంది.

ఆయన చేతిలోని కట్టను గంపలోకి విసిరేసి, రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు.

"ఛీ, పందులు కూడా ముట్టవు. ఇరవై ఏళ్లుగా నీ దగ్గరే కొంటున్నానే. ఇదివరకు మంచినీళ్లే పెట్టేదానివిగా?"

"లేదండీ. ఇదివరకు మురుక్కాలవ నేరుగా మడిలోకే వచ్చేది. అందులో దిగి దిగి నా కాళ్లు పుండ్లు పడేవి. మూడేళ్ల కిందట శుద్ధి చేసే కేంద్రం పెట్టాకే మానాయి."

ఆయన ముఖం మాడిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నేళ్లు నోరు మూసుకున్నదానివి, ఇప్పుడెందుకు చెప్పావు? చెప్పకపోతే హాయిగా తినేవాళ్లం కదా."

ఆమె ఆయన విసిరేసిన కట్టను గంపలో సర్దింది. ఇంత చదువుకున్న మనిషి అడిగితే ఏం చెప్పాలా అని ఇన్నేళ్లూ భయపడింది. ఆయన ఎప్పుడొచ్చినా లేచి నిలబడేది. ఇప్పుడు పీట మీంచి కదల్లేదు.

"కొంచెం పక్కకు జరగండి మాస్టారూ," అంది. "వెనక కొనేవాళ్లున్నారు."