నాలుగో బండి బటన్

“నాలుగో బండి కదల్లేదు సార్!” కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ అరిచింది. “గుండెనొప్పి కేసు. బండి పక్క వీధిలోనే ఉంది. బటన్ మాత్రం నొక్కలేదు.”

గోడమీది తెరపై నాలుగో అంబులెన్స్ గుర్తు ఎర్రగా వెలిగి ఆరిపోయింది. డ్రైవర్ తన ఫోన్లో ‘బయలుదేరాను’ అన్న బటన్ నొక్కకపోతే కాల్ దానంతటదే ఇంకో బండికి వెళ్లిపోతుంది. ఆ ఏర్పాటు చేసింది మూలన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి. డ్రైవర్లు ఆమెను ‘కంప్యూటరమ్మ’ అంటారు. ఇప్పుడు కాల్ అందుకున్న బండి ఊరికి ఆ చివర ఉంది.

ఇన్‌ఛార్జి ఆమె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

“పొద్దుట్నుంచి ఇది రెండోసారి. సాయంత్రం మీటింగ్‌లో తప్పు ఎవరిదో చెప్పాలి నేను. యాప్‌ది అయితే యాప్ ఉండదు, నువ్వూ ఉండవు. డ్రైవర్‌ది అయితే డ్రైవర్ ఉండడు. తేల్చు.”

ఆమె నాలుగో బండి డ్రైవర్‌కి ఫోన్ చేసింది. వయసు పైబడినా అందరూ అతన్ని ‘తుఫాను’ అనే పిలుస్తారు. ఒకప్పుడు బండి అలా నడిపేవాడట.

“బాబాయ్, బటన్ ఎందుకు నొక్కలేదు?”

“ఉంటే కదా నొక్కడానికి! లేదమ్మా.”

“లేకపోవడమేంటి? అందరికీ వస్తోంది.”

“అందరి సంగతి నాకేం తెలుసు? నాకు రావట్లేదు. బటన్ నొక్కందే కదలొద్దని రూలు పెట్టింది మీరేగా.”

“యాప్ పేజీని ఇంకో బ్రౌజర్‌లో తెరిచి చూడు బాబాయ్. ఆ గుండ్రటి బొమ్మ పక్కనున్నది.”

అతను తెరిచి చూశాడు. “ఇందులో ఏదో పచ్చగా గీత కనిపిస్తోంది, అడుగున. నొక్కితే పలకట్లేదు.”

“స్క్రీన్ ఫొటో తీసి పంపుతావా?”

“అవన్నీ నావల్ల కాదు తల్లీ. ఆ పాత వైర్‌లెస్ సెట్టు తిరిగి ఇచ్చేయండి. చెవిన పడితే చాలు, నేను వెళ్లిపోతా.” ఫోన్ పెట్టేశాడు.

ఆమె దగ్గర అదే మోడల్ ఫోన్ ఉంది. అవే రెండు బ్రౌజర్లు. రెండిట్లోనూ పచ్చ బటన్ అరచేయంత కనిపిస్తోంది. పాత కాపీ ఏదైనా ఫోన్లో ఇరుక్కుందేమోనని సర్వర్ వైపు నుంచి అన్నీ తుడిపేసింది. అడ్డంగా తిప్పింది, నిలువుగా తిప్పింది, నెట్ సగానికి తగ్గించి చూసింది. బటన్ ఎక్కడికీ పోలేదు.

షెడ్డులో టీ తాగుతున్న డ్రైవర్ల దగ్గరికి వెళ్లింది. ఒకతను నవ్వాడు.

“కంప్యూటరమ్మా, నువ్వు వెతకాల్సింది ఫోన్లో కాదు, ఆయన బుర్రలో. మొదట్నుంచీ నీ యాప్ అంటే గిట్టదాయనకి. మ్యాప్ కూడా తెరవడు. ఊరంతా తలలోనే ఉందంటాడు.”

“అంటే కావాలనే నొక్కట్లేదా?”

“నేనలా అన్లేదు,” అన్నాడతను, గ్లాసు కడుక్కుంటూ. “నువ్వే అన్నావు.”

ఆమెకు ఒళ్లు మండింది. ఈ యాప్ పోతే ఆమె ఉద్యోగం పోతుంది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. అంతకన్నా, అక్కడ ఒక మనిషి గుండె పట్టుకుని పడి ఉన్నాడు.

గుండెనొప్పి మనిషి ఆసుపత్రికి చేరాడని, ప్రాణానికి ఢోకా లేదని కబురొచ్చేసరికి నాలుగో బండి షెడ్డులోకి వచ్చింది. ఆమె ఎదురెళ్లింది.

“ఫోన్ ఇవ్వు బాబాయ్.”

“చార్జింగ్ లేదమ్మా.”

“ఇవ్వు.”

అతను ఆమె ముఖం వైపు చూసి, జేబులోంచి తీసి చేతిలో పెట్టాడు.

తెర వెలిగింది. ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది. అక్షరాలు దుకాణం బోర్డు మీద రాసినంత పెద్దగా ఉన్నాయి. రోగి చిరునామాయే తెరంతా ఆక్రమించింది. బటన్ కిందికి నెట్టుకుపోయింది. ఒక బ్రౌజర్‌లో దాని పై అంచు మాత్రం కనిపిస్తోంది, అడుగున మెనూ పట్టీ ఉన్న ఇంకోదాంట్లో అదీ లేదు. కిందికి జరుపుదామంటే పేజీ జరగదు. బండి కుదుపులకి వేలు తగిలి పేజీ జారిపోకూడదని ఆ దారి మూసేసింది ఆమే. అక్షరాలు పెద్దవి చేసి ఒక్కసారైనా పరీక్షించలేదు.

“పెద్దవెలా అయ్యాయి బాబాయ్? ఇంట్లో పిల్లలు గానీ ఆడుకున్నారా?”

అతను బండి అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

ఫోన్ పట్టుకుని ఆమె నేరుగా ఇన్‌ఛార్జి గదికి నడిచింది. దారిలో ఒక మాట తట్టకపోలేదు. తుఫానే ఫోన్ పాడు చేశాడని చెబితే చాలు, తను బయటపడుతుంది.

“తేలిందా?” అన్నాడు ఇన్‌ఛార్జి.

“తేలింది సార్. అక్షరాల సైజు పెరిగితే బటన్ తెర దాటిపోతోంది. నేను చూసుకోవాల్సింది. గంటలో సరిచేస్తాను.”

“గంటా? ఆ మనిషికి ఏమన్నా అయ్యుంటే ఏ గంటలో సరిచేసేదానివి?”

ఆమె తల దించుకుంది.

“ఆ సైజు పెంచిందెవరు? తుఫానేనా? కావాలని చేశాడా? అలా అయితే చెప్పు, నీ పేరు రాయను.”

“ఏ పిల్లాడో ఆడుకుని ఉంటాడు సార్. ఆయన్ని అనకండి. పరీక్షించకపోవడం నా తప్పు.”

“సరే.” ఇన్‌ఛార్జి పెన్ను తీశాడు. “మీటింగ్‌లో నీ పేరే చెబుతాను.”

“ఆగండి సార్.”

గుమ్మంలో తుఫాను నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, నాలుగో బండి తాళాలు టేబుల్ మీద పెట్టాడు. చెయ్యి వాటిమీద నుంచి వెంటనే తీయలేకపోయాడు.

“నిన్న రాత్రి సైజు పెంచుకున్నది నేనే. ఆ పిల్లని ఏమీ అనొద్దు.”

“ఎందుకు పెంచావయ్యా? యాప్ మీద కోపంతోనా?”

అతను ఆమె వైపు తిరిగి, నవ్వబోయి ఆగిపోయాడు.

“తప్పు నా కళ్లది సార్.”