ఆయన వద్దంటే

"ఆ యాప్ పని అయిపోయిందక్కా," అన్నాడు ఫోన్ల దుకాణం అతను. "నెలాఖరుకి మూసేస్తున్నారు. లోపలున్న పాస్‌వర్డులు వేరే యాప్‌లోకి మార్చుకోకపోతే అన్నీ గోవిందా."

ఆమె కౌంటరు ముందున్న స్టూలు మీద కూర్చుంది. దానికి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టి ఉంది.

ఇంటి తాళాలన్నీ ఆ యాప్‌లోనే ఉన్నాయి. బ్యాంకు, కరెంటు, గ్యాసు, పాప బడి, పెళ్ళి ఫొటోలు. అన్నీ ఆమె భర్త పెట్టినవే.

"దేంట్లోకి మారమంటావు తమ్ముడూ?"

అతను మూడు చూపించాడు. ఒకటి ఫోన్లోనే దాస్తుంది. ఫోను పోతే అన్నీ పోయినట్టే. ఒకటి ఒక మనిషి వరకు ఉచితం. మూడోది ఇద్దరు వాడుకోవచ్చు. ఎక్కడినుంచైనా, ఎవరి ఫోన్లోనైనా తెరవచ్చు. ఏడాదికింతని కట్టాలి.

"మూడోది," అంది.

"మీరొక్కరే అయితే రెండోది చాలక్కా. డబ్బులు దండగ."

"ఇద్దరం."

సరేనన్నట్టు తలూపాడు. "అయితే బావగారి మాస్టర్ పాస్‌వర్డ్ చెప్పండి. అదుంటే రెండు నిమిషాల పని."

"నాకు తెలియదు. టీవీ రిమోటే ఎక్కడ పెట్టావో గుర్తుండదు, నీకు పాస్‌వర్డ్ చెప్పి ఏం లాభం, అనేవారు."

"ఫోన్ చేసి అడగండి."

"కలవడం లేదు."

"ఏం, అలిగారా?" నవ్వాడు.

"ఓడలో ఇంజను పని."

"అదా! నడి సముద్రంలో సిగ్నలెక్కడిది? రేవు తగిలాక చూసుకుంటారు."

"చూసుకుంటారు కదా?" అంది ఆమె గబుక్కున.

అతను ఆమె ఫోను తీసుకుని అటూ ఇటూ నొక్కాడు. మొహం వెలిగింది.

"అత్యవసరానికి మీ పేరే పెట్టారక్కా! ఇదిగో, ఈ బటన్ నొక్కితే బావగారికి మెసేజ్ వెళుతుంది. ఆయన వద్దు అని నొక్కారా, ఇక తెరుచుకోదు. వారం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే దానంతటదే తెరుచుకుంటుంది."

"ఆయన వద్దంటే నాకు తెలుస్తుందా?"

"అప్పటికప్పుడు టింగుమంటుంది."

"ఆయన ఫోను తడిసి పాడైపోతే?"

"ఏ ఒడ్డున దిగినా, ఎవరి ఫోనైనా అడిగి తీసుకుని మెయిల్ తెరిస్తే చాలు. అయినా మీరు అడిగితే ఎందుకు వద్దంటారు? భయపడకండి."

అతనికి ఆ మనిషి సంగతి తెలియదు. ఏది అడిగినా ముందు వచ్చేది ఆ మాటే. కర్టెన్లు మారుద్దామంటే వద్దు. గోడకి రంగేద్దామంటే వద్దు. రెండు రోజులాగి తనే డబ్బా మోసుకొచ్చేవాడు. యాప్‌లో ఆమె పేరు పెట్టిన రోజు కూడా, "నువ్వు నొక్కడం, నేను వద్దనడం. మన కాపురమే కదే," అని పడీ పడీ నవ్వాడు.

ఆమె బటన్ మీద వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నొక్కింది.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే అత్తగారు ఎదురైంది. "ఏమన్నాడే?"

"మెసేజ్ ఇప్పుడే కదత్తయ్యా వెళ్ళింది. ఇంకా ఏమీ అనలేదు."

"అంటాడు. వాడి సంగతి నాకు తెలియదూ? పాలగ్లాసు ఇస్తే వద్దనేవాడు. నేనటు తిరిగేసరికి అడుగు దాకా నాకేసేవాడు. అనకుండా ఉండలేడు."

ఆమెకి నవ్వొచ్చింది. మధ్యలోనే ఆగిపోయింది.

ఆ వారమంతా ఫోను ఆమె చేతిలోనే ఉంది. స్నానానికి వెళితే సబ్బు గూట్లో పెట్టుకునేది. టింగుమంటే తడి చేత్తోనే అందుకునేది. పెయింట్ల దుకాణం వాడు తగ్గింపు ధరలు పంపేవాడు. అత్తగారు చూపు ఆనకపోయినా ఎదురుగా కూర్చుని ఆ ఫోను వంకే చూసేది.

సాయంత్రాలు దుకాణానికి వెళ్ళేది.

"ఇవాళ కూడా వద్దనలేదు," అనేవాడు అతను హుషారుగా. "గెలుస్తున్నామక్కా!"

ఆమె మొహం వాడిపోయి ఉండేది. ఎండన పడి వచ్చింది కదా అనుకునేవాడు.

ఆఖరి రోజు పాపని కూడా తీసుకుని వచ్చింది. కౌంటరు మీద ఫోను పెట్టింది.

"తమ్ముడూ, ఈ గడువు ఇంకో వారం పెంచడానికి కుదరదా?"

"పెంచడమా?" అతను తెల్లబోయాడు. "అందరూ తగ్గించమని నా ప్రాణం తీస్తారు. మీరేంటక్కా? అయినా అది పెట్టింది బావగారు. మార్చాలన్నా ఆయనే మార్చాలి."

"మళ్ళీ ఇంకోసారి అడిగితే?"

"ఎందుకక్కా? పని అయిపోవచ్చింది."

టింగుమంది.

ఆమె చెయ్యి ఫోను దాకా వెళ్ళి ఆగింది. అతనే లాక్కుని చూశాడు.

"తెరుచుకుంది! నేను చెప్పలా? బావగారు నోరు మెదపలేదు!"

పాప చప్పట్లు కొట్టింది. అతను ఒక్కొక్కటీ కొత్త యాప్‌లోకి లాగుతూ పోయాడు. బ్యాంకు వచ్చింది. కరెంటు వచ్చింది. పాప బడి వచ్చింది.

"రెండో మనిషి పేరు?"

ఆమె భర్త పేరు చెప్పింది. అతనికి వినపడలేదు. మళ్ళీ చెప్పింది.

"అయిపోయిందక్కా. అన్నీ వచ్చేశాయి. ఒక్కటీ పోలేదు," అంటూ ఫోను ఆమె ముందు పెట్టాడు.

ఆమె స్టూలు మీదనుంచి లేవలేదు.

మునిగిన ఓడలోని మనుషుల కోసం వెతకడం ఆపేశామని కంపెనీ నుంచి కబురొచ్చిన మర్నాడు ఆమె ఆ బటన్ నొక్కింది తెరుచుకోవాలని కాదు, ఏ ఒడ్డునో బతికుంటే ఆయన ఒక్కసారి వద్దంటాడని.