రేడియేటర్ మేస్త్రీ

పొద్దున్నే లేచి రాతోమిర్ ట్యాంకు మీటరు చూశాడు. ఏడు పాయింట్ ఏడు.

ఉండాల్సింది ఎనిమిది పైన. చలికాలం మొదలైనప్పటి నుంచి నీళ్ళ పీహెచ్ దిగుతూనే ఉంది.

తొంభై లీటర్ల ఆ చిన్న ఉప్పునీటి ట్యాంకులో ఒక పచ్చని పగడం ఉంది. అరచేయంత ఉంటుంది. వారం నుంచి దాని కొమ్మలు మొదళ్ళలో తెల్లబడుతున్నాయి. రైల్వేలో రిటైరయ్యాక రాతోమిర్‌కు లోకమంతా ఆ పగడమే. అది పోతే తనేమవుతాడో అతనికే తెలియదు.

"మళ్ళీ ఆ పొడి వేస్తున్నావా?" అంది భార్య దెసాంకా.

"వేయక? పీహెచ్ పెంచేది ఇదే."

"సాయంత్రానికి పెరుగుతుంది, తెల్లారేసరికి దిగుతుంది. అచ్చం నీ బీపీలాగే."

కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఒక ముసలాయన. పాత కోటు, తడిసిన టోపీ.

"వచ్చారా మేస్త్రీ గారూ! మూడు రోజుల నుంచి ఎదురుచూస్తున్నాం. గది వెచ్చబెట్టే ఈ రేడియేటర్ పైసగం మంచుగడ్డలా ఉంది."

"నేను..."

"బూట్లు విప్పండి. ఇవిగో ఇంట్లో చెప్పులు. ముందు పని, తర్వాత కాఫీ."

దెసాంకా మాట్లాడుతుంటే నిష్ నగరంలో ఇంకెవరూ వాక్యం పూర్తి చేయలేరు. ఆయనా చేయలేకపోయాడు.

"స్క్రూడ్రైవర్ ఉందా అమ్మా?"

"ఇదేం మేస్త్రీతనమయ్యా! రేపు గొట్టాలు కూడా మేమే తెచ్చుకోవాలా?"

ఆయన నవ్వి, రేడియేటర్ పక్కనున్న చిన్న మర తిప్పాడు. బుస్సుమని గాలి పోయింది. నాలుగు చుక్కల నీళ్ళు పడ్డాయి. కాసేపటికి పైసగం కూడా వెచ్చబడింది.

లేచి నేరుగా ట్యాంకు దగ్గరకు వెళ్ళాడు. చాలాసేపు పగడాన్నే చూశాడు, తర్వాత మీటరు, పొడి డబ్బా. ఏదో అడగబోయి ఆగాడు.

పక్కన బక్కెట్లో కొత్త ఉప్పునీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి.

"ఉప్పు ఎప్పుడు కలిపారు?"

"నిన్న పొద్దున. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. ఆపైన రోజంతా మోటారుతో తిప్పాలి. నాకు తెలుసులే," అన్నాడు రాతోమిర్.

"బాగా కలిపారు. తప్పు మీ నీళ్ళలో లేదు, గదిలో ఉంది."

"గదిలోనా?"

"మీరిద్దరూ వదిలే ఊపిరి బయటికి పోయే దారి లేదు. నీళ్ళు దాన్నే పీల్చుకుని పులుపెక్కుతున్నాయి. ఈ పొడి ఆపండి, ఇంకా వేస్తే పగడం కాలిపోతుంది. కిటికీ తెరవండి, చాలు."

కిటికీ సందులన్నిటికీ దెసాంకా నవంబరులోనే టేపు అంటించింది.

"జనవరిలో కిటికీయా!" దెసాంకా మెడ పట్టుకుంది. "కిటికీ గాలి తగిలి మా మేనత్తకు మూతి వంకరపోయింది, తెలుసా మీకు?"

నిష్‌లో జబ్బులన్నీ కిటికీలోంచే వస్తాయి. కాదని చెప్పడానికి డాక్టర్లు కూడా జంకుతారు.

"పోనీ ఒక గ్లాసుడు ట్యాంకు నీళ్ళు బాల్కనీలో పెట్టండి. అందులోకి గంటసేపు గాలి బుడగలు పోనిచ్చి పీహెచ్ కొలవండి. మీకే తెలుస్తుంది."

రాతోమిర్‌కు చిర్రెత్తుకొచ్చింది. పదకొండేళ్ళుగా ట్యాంకు చూసుకుంటున్న మనిషి మరి.

"మేస్త్రీ, నీ రేడియేటర్లు నువ్వు చూసుకో. సముద్రం సంగతి నాకొదిలెయ్."

ముసలాయన ముఖం చిన్నబోయింది. "అలాగేలెండి," అన్నాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"కాఫీ వద్దన్న మేస్త్రీని నా జన్మలో చూడలేదు," అంది దెసాంకా.

ఆ రోజు రాతోమిర్ పంతం కొద్దీ పొడి రెండు చెంచాలు ఎక్కువే వేశాడు.

మూడో రోజు పొద్దున పగడం మీది పచ్చని చర్మం పొరలుగా ఊడింది. మధ్యాహ్నానికి తెల్లని కొమ్మలు మాత్రం మిగిలాయి. రాతోమిర్ ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఏడ్చాడు.

బెల్ మోగింది. నీలం యూనిఫాం, భుజాన పనిముట్ల సంచీ.

"రేడియేటర్ పని అన్నారట. ఆలస్యమైంది, ఏమనుకోకండి."

"బాగుచేసి వెళ్ళారుగా!" అంది దెసాంకా.

"ఎవరు? ఈ పేటకంతా మేస్త్రీని నేనొక్కణ్ణేనమ్మా."

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు.

రాతోమిర్ ఒక గ్లాసుడు నీళ్ళు ముంచి బాల్కనీలో పెట్టాడు. చిన్న పంపుతో గంటసేపు బుడగలు పోనిచ్చి కొలిచాడు. ఎనిమిది పాయింట్ రెండు.

దెసాంకా మెడకు శాలువా చుట్టుకుని, టేపు పీకి, కిటికీ బార్లా తెరిచింది.

అక్వేరియం సంఘం కార్యదర్శి విదోయెకు ఫోన్ చేసి, రాతోమిర్ ముసలాయన పోలికలు చెప్పాడు.

"బోగోసావ్ మామ! వచ్చాడన్నమాట. ముక్క ఇచ్చావా మరి?"

"ఏం ముక్క? ఆయన నన్నేమీ అడగలేదే."

"అడగలేదా? నేనే అడుగుతా, నువ్వు ముందు చెప్పకు అన్నాడే! నీ పగడం బాగానే ఉందా?"

"ఆయన వచ్చేసరికే కొమ్మలు మొదళ్ళలో తెల్లబడుతున్నాయి," అన్నాడు రాతోమిర్.

"అయితే ఒంట్లో బాగాలేనిదాన్ని కోయమనడం ఇష్టంలేక ఊరుకున్నాడు," అన్నాడు విదోయె. "అక్టోబరులో కరెంటు పోయి ఆయన ట్యాంకు మొత్తం చచ్చిపోయిందిలే. ఆ రకం ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని ఇల్లిల్లూ తిరిగాడు. ఊళ్ళో నీ ఒక్కడి దగ్గరే మిగిలింది. ఆ పగడాన్ని ఇరవై ఏళ్ళు పెంచి, అడిగిన ప్రతివాడికీ నాటుకోవడానికి ముక్కలు ఊరికే పంచిపెట్టిన మనిషయ్యా ఆయన, వేలెడంత ముక్క అడుక్కోవడానికి నీ గుమ్మం ఎక్కాడు."