రెండు మూరల గేటు

"ముళ్లతీగ వద్దు మేస్త్రీ. పిల్ల చెయ్యి పెడితే చీరుకుపోతుంది."

చిన్నకోడలు చంకలో పిల్లను సర్దుకుంటూ అంది. వడ్రంగి వెదురు తడిక చూపించాడు. ఒక్క తన్నుకే పడిపోతుందంది. ఇనుప వల చూపించాడు. సందుల్లో పిల్ల వేళ్లు ఇరుక్కుంటాయంది. చివరికి చెక్క పలకలకు ఒప్పుకుంది, అవీ బావగారి భుజం ఎత్తున. పలకకీ పలకకీ మధ్య సందు ఎంత ఉండాలో పిల్ల తలతోనే కొలిచి చూపించింది. తల దూరకూడదు. దూరి ఇరుక్కోకూడదు. పిల్ల ఇదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వింది.

అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు. మధ్యలో ఒకటే తోట, ఒకటే కుళాయి. ఆమధ్య చిన్నకోడలు బావగారికి ఎదురు మాట్లాడింది. అప్పట్నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. మొన్న పిల్ల పాక్కుంటూ అవతలి వరండా ఎక్కేసింది. బావగారు దాన్ని ఎత్తుకెళ్లి వీధిలో దించి తలుపేసుకున్నారు. లారీలు తిరిగే వీధి. అందుకే ఆమె వెళ్లి వడ్రంగిని పిలుచుకొచ్చింది.

భర్త వద్దన్నాడు. అన్నయ్య సంగతి తెలిసీ ఎందుకు కెలుకుతావు, కంచె వేస్తే పీకేస్తాడు అన్నాడు.

"పీకనీ. మళ్లీ వేయిస్తా."

గుంజలు పాతుతుంటే బావగారు చేతులు కట్టుకుని హద్దు మీద నిలబడ్డారు. వేలెడు ఇటు జరిగినా పొయ్యిలో పెడతానన్నారు. కుళాయికి వెళ్లడానికి గేటు కూడా అని తెలిసి నవ్వారు.

"పెట్టుకోనీ. రేపు కాళ్లబేరానికి రావాలన్నా దారుండాలిగా."

"ఎవరు ఎవరింటికి వస్తారో చూద్దాం బావగారూ," అంది. పిల్లను చంకలోకి ఇంకాస్త ఎగదోసుకుంది.

పెద్దకోడలు వరండాలో తన పాత చక్రాల కుట్టుమెషిన్ ముందు కూర్చుని ఉంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నవాళ్లు. ఇప్పుడు ఆమె కొంగు తల మీంచి చెంప దాకా లాక్కుని, ఇటు ముఖమైనా తిప్పడం లేదు. నోరు మాత్రం ఊరుకోవడం లేదు. మెషిన్ తొక్కుతూనే, గోడకు చెబుతున్నట్టు మొదలెట్టింది.

"మహారాణిగారికి మామూలు గేటు ఎక్కడ ఆనుతుంది? రెండు మూరల వెడల్పు కావాలి. పల్లకీ దిగాలిగా."

బావగారు భార్య వైపు మెచ్చుకోలుగా చూశారు.

వడ్రంగి తోట గేటుకు మూరన్నర చాలన్నాడు. చిన్నకోడలికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"రెండు మూరలే పెట్టు."

గేటు గుంజలు ఒరగకుండా అడుగున ఒక అడ్డకమ్మీ వేయడం అతని పద్ధతి. కమ్మీ చేతిలోకి తీసుకున్నాడో లేదో, అవతలినుంచి మళ్లీ మాట వచ్చింది. అడ్డకమ్మీ ఎందుకయ్యా, అంతటివాళ్లు కాలెత్తి దాటుతారా అని.

చిన్నకోడలు కమ్మీ తీసెయ్యమంది. గుంజలు నిలబడవమ్మా అని అతను మొత్తుకున్నాడు. అయితే గుంతలు ఇంకాస్త లోతుగా తవ్వమంది. తోడికోడళ్ల పంతం తీరేసరికి తన నడుం విరిగేలా ఉందని గొణుక్కుంటూ తవ్వాడు.

గడియ దగ్గరా అదే తంతు.

"చూస్తూ ఉండండి, గడియ వాళ్ల వైపే బిగించుకుంటుంది. దొంగలం మనమేగా."

గడియ ఇవతలి వైపే పడింది. గట్టిది, బొటనవేలంత లావుది.

సాయంత్రానికి గేటు నిలబడింది. తెరిస్తే కిర్రుమంది. అవతల మెషిన్ ఆగింది.

"ఇక రోజూ ఈ రోత వినాలి కాబోలు. చెవులు చిల్లులు పడుతున్నాయి."

చిన్నకోడలు వంటింట్లోంచి నూనె గిన్నె తెచ్చి బందులకు పోసింది. తెరిచింది, మూసింది, మళ్లీ పోసింది. పిల్లి నడిచినంత చప్పుడు కూడా రాకుండా అయ్యాక గిన్నె కింద పెట్టింది.

వడ్రంగి పనిముట్లు సంచిలో వేసుకుంటూ నవ్వాడు. "పొద్దుట్నుంచీ ఆవిడ వెక్కిరించిందల్లా పంతానికి చేయించావు. ఇదొక్కటి మాత్రం ఆవిడ మాట విన్నావేంటమ్మా?"

"పిల్ల నిద్ర లేస్తుందని," అంది.

బావగారు వచ్చి కంచెను కాలితో ఒక్క తన్ను తన్నారు. కదల్లేదు. ఇంకోటి తన్నారు. గుంజలు లోతుగానే దిగాయి. ఆమె పిల్లను ఎత్తుకుని, అడుగు వెనక్కి వేయకుండా, ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడింది. గడియ ఎటుంటే ఏం, మా ఇంటి మనిషి ఎవరూ నీ గడప తొక్కరు అనేసి ఆయన లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆయన పనికి వెళ్లాక, చిన్నకోడలు గడియ తీసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని గేటు పక్కనే కూర్చుంది.

గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. కుట్టుమెషిన్‌ను తోసుకుంటూ ఇవతలికి వచ్చిన పెద్దకోడలు గడియ తన చేత్తోనే బిగించి, కమిలిపోయిన చెంప మీంచి కొంగు తీసి, "కొలతలు సరిగ్గా సరిపోయాయే చెల్లీ," అంది.