పావురం కాలి కడియం

మండుటెండలో ఒక పావురం కోళ్ల పెరట్లో వాలి, దాహంతో నీళ్ల మూకుడు వైపు నడిచింది. దాని కాలికి సన్నటి రేకు కడియం ఉంది. అది చూసి పుంజు మూకుడుకి అడ్డంగా నిలబడింది.

"ఇది పరాయి దేశపు గూఢచారి. ఆ కడియంలో కెమెరా ఉంది. మన గుడ్లు ఎక్కడున్నాయో ఈపాటికి వాళ్ల రాజు చూస్తుంటాడు."

పెట్టలన్నీ పరుగెత్తి గుడ్లను రెక్కలతో కప్పేసుకున్నాయి. బొల్లి పెట్ట మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"ఎవరు చెప్పారు బావా?" అని అడిగింది.

"కడియమున్న పావురాలన్నీ గూఢచారులేనని ఊరంతా అంటున్నారు. కాకి కూడా అంది."

"కాకికి ఎవరు చెప్పారు?"

"నేనే."

బొల్లి పెట్టకి ఒళ్లు మండింది. పక్కింటి కోళ్లలో కలిసిపోకుండా ఉండాలని యజమానురాలు ఈ పెరటి కోళ్లన్నిటి కాళ్లకీ ఎర్ర గుడ్డపేలికలు కట్టింది. పుంజు కాలికీ ఒకటుంది.

"మరి నీ కాలికున్న ఆ పేలిక సంగతేమిటి బావా?"

పుంజు వంగి తన కాలు చూసుకుని, పేలికలో కెమెరా కోసం ముక్కుతో వెతకసాగింది. ఆ సందులో పావురం కడుపునిండా నీళ్లు తాగి ఎగిరిపోయింది.

పుంజు బొల్లి పెట్ట చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అంది.

"అయితే రోజూ తెల్లారకముందే నాచేత కూయిస్తున్నది కూడా ఆ పరాయి దేశం వాళ్లేనన్నమాట."