లోపలి గొళ్లెం

గది తలుపుకు లోపలినుంచి గొళ్లెం పెట్టి, బ్యాటరీని నేలమీద పడేశాను. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వాడిన సుత్తె అందుకుని, బ్యాటరీ గుండెల మీద మేకు పెట్టాను.

రెండు నెలల కిందట స్కూటర్ బ్యాటరీ పేలి నా కొడుకు ఐజాక్ కాలిపోయాడు. చివరికి ముఖం కూడా నాకు చూపించలేదు. ఈ రోజు బ్యాటరీల ల్యాబులో వాడితో పనిచేసిన తిరుమల్ వచ్చి వాడి సామాను ఇచ్చాడు. అందులో ఇంకో బ్యాటరీ!

కొట్టాను. మేకు దిగింది. పీకి మళ్లీ కొట్టాను. అరచెయ్యి చిట్లి సుత్తె కామకు రక్తం అంటింది.

బయటి గదిలోంచి తిరుమల్ తలుపు బాదాడు. "అమ్మా, ఏం పగలగొడుతున్నవ్? తలుపు తియ్యి!"

"నా కొడుకును తిన్నదాన్ని ఇడిచిపెడ్తనారా?"

"అది వేరే, ఇది వేరే అమ్మా! పేలింది లిథియంది. ఇది సోడియంది, ఉప్పుల ఉంటది సూడు, అది. మేకు కొట్టినా అంటుకోవద్దని ఐజాకే ఆర్నెల్లు కూసొని తయారుచేసిండు!"

అయినా నా చెయ్యి ఆగలేదు. బ్యాటరీ నుజ్జునుజ్జయింది. వేడెక్కింది, కాస్త పొగ వచ్చింది. అంతే, చల్లారిపోయింది.

గొళ్లెం తీశాను. తిరుమల్ దాన్ని చూసి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "ల్యాబుల సుత ఎవ్వరు గింత గట్టిగ కొట్టలేదమ్మా. కోపం తీరిందా?"

తల ఊపాను. అది అంటుకోవాలనే కొట్టానని, ఎవరూ నన్ను బయటికి లాగకూడదనే గొళ్లెం పెట్టానని తిరుమల్‌కు చెప్పలేదు.

నా కొడుకు దగ్గరికి పోదామనుకున్నాను. వాడే రానివ్వలేదు.