బ్రాండ్ న్యూ

"గడప దాటితే మర్యాదగా ఉండదు మామా!"

సుగన్య రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడింది. కోవిల్‌పట్టి నుంచి బస్సులో వచ్చిన తంగరాజ్ మెట్టు మీదే ఆగిపోయాడు. విరుదునగర్‌లో అక్క ఇంటి ముందు, పందిట్లో కూర్చున్న చుట్టాలందరి ఎదుటా మేనకోడలి చేత మాటపడటం అతనికి తలకొట్టేసినట్టయింది.

"అక్కకు శీర తెచ్చినాను. ఇచ్చేసి పోతాను."

"ఇన్నేండ్లకా? నన్ను నీ కొడుక్కి ఇయ్యలేదని మా గడప తొక్కనంటివే! నా పెండ్లిలో అమ్మ నీ కోసరం దోవ చూసి చూసి, పుట్టింటి శీర లేకనే పీట మీద కూసునింది. మరిసిపోతివా?"

అతను కవరు ముందుకు చాపాడు. సుగన్య లాక్కుని చీర బయటికి తీసింది. మడతల దగ్గర జరీ నల్లబడి ఉంది.

"ఇది పాతది."

"లేదు! బ్రాండ్ న్యూ. మడత కూడా విప్పలేదు. బ్రాండ్ సూడు, చీటీ అట్నే ఉండాది."

కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సుగన్యకు ఒళ్లు మండిపోయింది.

"చీటీ ఉంటే బ్రాండ్ న్యూ అయిపోతుందా? ఆ మాటలో బ్రాండ్ అంటే కంపెనీ పేరు కాదు మామా, మండే కొరివి. కొలిమిలోంచి అప్పుడే తీసినదాన్ని అట్లా అనేది. వేడి ఆరకముందే చేతికొస్తేనే ఆ పేరు. నీ బీరువాలో ఏండ్లకేండ్లు మగ్గినదానికి కాదు."

తంగరాజ్ తల దించుకున్నాడు. "నీ పెండ్లికని కొన్నదే. కోవంలో తేలేదు. అక్కతో ఒక్క మాట మాట్లాడనియ్యి."

"అమ్మ నీతో మాట్లాడదు."

"కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకున్నా పలకదు. పో!"

ఆమె చీరను అతని మొహాన కొట్టబోయింది. అంతలో లోపలి నుంచి తండ్రి రంగసామి కేకేశాడు.

"సుగన్యా, పోట్లాట తరవాత. అందరూ కాసుకోని ఉండారు. మామను లోనికి రానియ్యి."

"ఈ మనిషి తెచ్చిందే కావాలా నాయనా? నేను కొన్న పట్టుశీర ఉండాది కదా!"

"నువ్వు కొన్నది పుట్టింటిది అవుతుందా?"

సుగన్య మేనమామను అసహ్యంగా చూసింది. ఈ జన్మలో అతన్ని క్షమించే ఉద్దేశం ఆమెకు లేదు. అయినా పళ్లు కొరుకుతూ పక్కకు తప్పుకుంది.

పుట్టింటి చీర కప్పందే పాడె లేవదు.